చదువుకూ డ్యూటీకీ నడుమ: మహమ్మారి కాలంలో నర్సింగ్ విద్యార్థుల మనోవేదన

కరోనా రెండో విజృంభణ దేశాన్ని కుదిపేస్తున్న 2021 మే 3న, ఆసుపత్రుల్లో సిబ్బంది కొరతను తీర్చడానికి కేంద్ర ప్రభుత్వం కొన్ని నిర్ణయాలు ప్రకటించింది. ఎంబీబీఎస్ చివరి సంవత్సరం విద్యార్థుల సేవలను ఫోన్ ద్వారా వైద్య సలహాలు ఇవ్వడానికి, స్వల్ప లక్షణాలున్న రోగులను కనిపెట్టుకొని ఉండడానికి వాడుకోవచ్చునని అందులో ఉంది. బీఎస్సీ నర్సింగ్, జీఎన్‌ఎం కోర్సుల్లో చివరి సంవత్సరం చదువుతున్నవారికి, ఆఖరి పరీక్షల కోసం ఎదురుచూస్తున్నవారికి మాత్రం సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణలో ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో పూర్తికాలపు కోవిడ్ డ్యూటీలు అప్పగించవచ్చునని ఉంది. ఒకే ప్రకటనలో దగ్గరదగ్గరగా ఉన్న ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. రేపటి డాక్టర్లను ఫోనుకు అవతల ఉంచిన విధానమే రేపటి నర్సులను నేరుగా రోగి మంచం పక్కన నిలబెట్టింది. ఆ తర్వాత నాలుగు రోజులకే, మే 7న, దేశంలో ఒక్క రోజు కేసుల సంఖ్య 4.14 లక్షలు దాటింది. అంతటి ఆపదలో చేయి అందించగల ప్రతి ఒక్కరినీ పిలవక తప్పదన్నది నిజమే కాబట్టి, ఆ పిలుపును తప్పుపట్టవలసిన అవసరం లేదు. అయితే పిలిచినవారు పిలుపు అందుకున్నవారిని విద్యార్థులుగా చూశారా, సిబ్బందిగా చూశారా అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ తేలకుండా ఉంది, వారి మనోవేదనకు మూలం కూడా చాలావరకు ఆ ప్రశ్నలోనే ఉంది.

మహమ్మారి కాలపు మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా వినిపించే వివరణ ఒకటుంది. వైరస్ సోకుతుందన్న భయం వల్ల విద్యార్థులు కలవరపడ్డారని, కాబట్టి వారికి ధైర్యం నూరిపోసి, యోగా, ధ్యానం నేర్పి, తట్టుకునే శక్తిని పెంచితే సరిపోతుందని ఆ వివరణ సారాంశం. భయం ఉన్నమాట వాస్తవమే గాని, అది సమస్యలో ఒక భాగం మాత్రమే. నర్సింగ్ విద్యార్థి స్థితి మామూలు రోజుల్లోనే అటు చదువుకూ ఇటు ఉద్యోగానికీ నడుమ ఇరుక్కొని ఉంటుంది. వార్డులో ఆమె చేసే పనికి బాధ్యత ఉంటుంది, అధికారం ఉండదు; అలసట ఉంటుంది, సెలవు అడిగే హక్కు ఉండదు; రోగులు ‘సిస్టర్’ అని పిలుస్తారు, డ్యూటీ చార్టులో మాత్రం ఆమె ఇంకా ‘స్టూడెంటే’. మహమ్మారి ఈ ఇరుకును కొత్తగా సృష్టించలేదు, ఊపిరాడనంతగా బిగించింది.

అధ్యయనాల వైపు చూస్తే ఈ మాటకు కొంత ఆధారం దొరుకుతుంది. 2020లో ఇజ్రాయెల్‌లోని ఆష్కెలాన్ కళాశాలలో నర్సింగ్ విద్యార్థుల మీద సావిట్‌స్కీ బృందం జరిపిన పరిశీలనలో 42.8 శాతం మందిలో మధ్యస్థాయి ఆందోళన, 13.1 శాతం మందిలో తీవ్రమైన ఆందోళన కనిపించాయి. ఆందోళనను కొలవడానికి వారు వాడినది ‘జీఏడీ-7’ అనే ప్రశ్నావళి. గడచిన రెండు వారాల్లో చిరాకు, కంగారు, అదుపు తప్పిన చింత వంటివి ఎంత తరచుగా కలిగాయో 7 ప్రశ్నలతో అడిగి, సున్నా నుంచి 21 వరకు మార్కులు వేసే పద్ధతి అది. ఇటువంటి ప్రశ్నావళులు వ్యాధి నిర్ధారణ చేయవు, ఎవరిని మరింత శ్రద్ధగా చూడాలో వేలెత్తి చూపుతాయి. ఆ తరువాత 2021లో ముల్యాది బృందం 17 అధ్యయనాలను, 13,247 మంది నర్సింగ్ విద్యార్థుల సమాచారాన్ని కలిపి లెక్కగట్టినప్పుడు, కుంగుబాటు 52 శాతం, భయం 41 శాతం, ఆందోళన 32 శాతం, ఒత్తిడి 30 శాతం, నిద్ర సమస్యలు 27 శాతం మందిలో ఉన్నట్లు తేలింది. వేర్వేరు దేశాల్లో వేర్వేరు కొలమానాలతో సేకరించిన అంకెలను ఒక రాశిగా పోసినప్పుడు వాటిని అక్షరసత్యంగా పట్టుకోకూడదు గాని, వాటి వరుస మాత్రం ఆలోచింపజేస్తుంది. భయానికి సహజమైన సంతానం ఆందోళన. ముందుంది ముప్పు అనుకున్నప్పుడు మనసు ఆందోళన చెందుతుంది. కుంగుబాటు అలా పుట్టదు. పోయినది తిరిగి రాదనీ, తాను చేయగలిగింది ఏమీ లేదనీ, చెప్పుకున్నా వినేవారు లేరనీ అనిపించిన చోట కుంగుబాటు పుడుతుంది. ఆందోళన కంటే కుంగుబాటు పైన ఉందంటే, ఈ పిల్లల బాధను ‘వైరస్ భయం’ అనే ఒక్క మాటలో కుదించడం కుదరదని అర్థం.

వారు పోగొట్టుకున్నదేమిటో తెలియాలంటే మహమ్మారిని రెండు దశలుగా చూడాలి. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు నర్సింగ్ కళాశాలలు కూడా మూతపడ్డాయి, హాస్టళ్లు ఖాళీ అయ్యాయి, క్లినికల్ పోస్టింగులు, అంటే విద్యార్థులు ఒక్కో వార్డులో కొన్ని వారాలపాటు ఉండి పని నేర్చుకునే ఏర్పాటు, ఆగిపోయాయి. పాఠాలు సెల్‌ఫోన్‌లోకి వచ్చాయి. తెలుగు రాష్ట్రాల్లో నర్సింగ్ చదివేవారిలో పల్లెల నుంచి, చిన్న పట్టణాల నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆసరాతో వచ్చిన ఆడపిల్లలు పెద్ద సంఖ్యలో ఉంటారు. ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్‌ను తమ్ముడి క్లాసుతో పంచుకుంటూ, సిగ్నల్ కోసం డాబా మీదికెక్కి, మధ్యలో వంటపనికి దిగివస్తూ చదువుకోవలసిన పరిస్థితి వారిది. కాలేజీ ఎప్పుడు తెరుస్తారో తెలియని ఇంట్లో పెళ్లి మాటలు మొదలవడం కూడా వింత కాదు. ఇది ఏ డిగ్రీ విద్యార్థికైనా ఉండే కష్టమే అనవచ్చు. కాని నర్సింగ్ చేత్తో నేర్చుకునే విద్య. సెలైన్ పెట్టడానికి నరం వెతకడం, మంచాన పడిన మనిషిని పుండ్లు పడకుండా పక్కకు తిప్పడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం వీడియో చూసి వచ్చేవి కావు. పని రాకుండానే పై తరగతికి వెళుతున్నామన్న బెంగ ఆ నెలలన్నిటా వారిని లోలోపల తొలిచింది.

ఇందులో ఇంకొక నష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకున్నట్లు లేదు. అప్పట్లో అమల్లో ఉన్న బీఎస్సీ నర్సింగ్ పాఠ్యప్రణాళికలో మానసిక ఆరోగ్య నర్సింగ్ మూడో సంవత్సరంలో ఉండేది. తెలుగు విద్యార్థుల్లో చాలామంది ఆ విషయాన్ని హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలోనో, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో పోస్టింగ్ చేసి నేర్చుకుంటారు. బాధలో ఉన్న మనిషి ఎదుట తొందరపడకుండా కూర్చోవడం, తీర్పు చెప్పకుండా వినడం, కుంగుబాటు గుర్తులను పోల్చుకోవడం ఆ కొన్ని వారాల్లోనే అలవడతాయి. 2021 మేలో బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉన్నవారు 2020లో మూడో సంవత్సరంలో ఉన్నవారే. అంటే తమ మనసుకూ తోటివారి మనసుకూ ఏమవుతోందో గుర్తుపట్టే చూపు ఏ పోస్టింగ్‌లో రావాలో, ఆ పోస్టింగ్ జరగవలసిన ఏడాదిలో చాలా భాగాన్ని లాక్‌డౌన్ మింగేసింది.

ఇక రెండో దశలో అంతా తలకిందులైంది. ఏడాది కిందట వార్డులో ఉండడమే ప్రమాదమని ఇంటికి పంపిన పిల్లలను ఇప్పుడు వార్డులో లేకపోతే నడవదని పిలిచారు. ఆ వార్డులోకి వెళ్లడమంటే ఏమిటో కొంచెం దగ్గరగా చూడాలి. ఒళ్లంతా కప్పే పీపీఈ సూటు, ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు, ముఖానికి అడ్డంగా షీల్డు, చేతులకు రెండు జతల గ్లవుజులు. ఆరు గంటల డ్యూటీ ముగిసేదాకా మంచినీళ్లు తాగడానికి లేదు, బాత్రూమ్‌కు వెళ్లడానికి లేదు, నెలసరి రోజుల్లో అయితే ఆ ఆరు గంటలు ఎలా గడుస్తాయో చెప్పుకోవడానికి కూడా చోటు లేదు. అరగంట తిరిగేసరికి కళ్లద్దాల లోపల ఆవిరి పడుతుంది. ఆ మసకలో, రెండు పొరల రబ్బరు కింద స్పర్శ తెలియని వేళ్లతో, వయసు పైబడి నరాలు అంతంతమాత్రంగా కనిపించే చేతికి కాన్యులా పెట్టాలి. అనుభవమున్న సిస్టర్లే రెండు మూడుసార్లు గుచ్చవలసి వచ్చిన చోట, నెలల తరబడి సూది పట్టని విద్యార్థి తడబడడంలో ఆశ్చర్యం లేదు. ఆ తడబాటు రోగికి నొప్పి, విద్యార్థికి అపరాధభావం. పొరపాటు తనదేనని, తనకు ఈ పని చేతకాదని ఆమె నమ్మడం అక్కడ మొదలవుతుంది. నేర్చుకోవలసిన కాలంలో నేర్చుకునే అవకాశం లేకపోయిందన్న సంగతి ఆ క్షణంలో ఆమెకు గుర్తు చేసేవారు ఉండరు.

మరణం విషయం ఇంతకంటే బరువైనది. మొదటి సంవత్సరంలోనే నర్సింగ్ విద్యార్థులకు చనిపోయిన మనిషి దేహాన్ని గౌరవంగా శుభ్రం చేసి, కాళ్లూ చేతులూ సరిచేసి, బంధువులకు అప్పగించే పద్ధతిని నేర్పుతారు. ఆ పని చనిపోయినవారికి చేసే చివరి సేవ, చేసేవారి మనసుకు కూడా అది ఒక ముగింపునిస్తుంది. కోవిడ్ కాలంలో అమలైన మార్గదర్శకాల ప్రకారం దేహాన్ని కారిపోని ప్లాస్టిక్ సంచిలో ఉంచి, సంచి పైభాగాన్ని ఒక శాతం హైపోక్లోరైట్ ద్రావణంతో తుడిచి పంపాలి. బంధువులు తాకడానికి, కడసారి స్నానం చేయించడానికి వీలులేదు. అంటురోగం విషయంలో ఆ జాగ్రత్తకు కారణం ఉంది. కాని ఆ సంచి జిప్ వేసిన చేతుల్లో కొన్ని, అంతకు ముందు జీవితంలో ఒక్క మరణాన్ని కూడా దగ్గర నుంచి చూడని చేతులు. ఆ చేతులే అంతకు గంట ముందు ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పట్టుకొని, ఊరిలో ఉన్న భార్యకో కొడుక్కో ఆఖరి వీడియో కాల్ చూపించి ఉంటాయి. ఆ దుఃఖానికి సాక్షిగా నిలిచిన విద్యార్థి హాస్టల్‌కు చేరాక, స్నానం చేసి, వేరుగా ఉంచిన గదిలో ఒంటరిగా పడుకోవాలి. తెల్లవారితే మళ్లీ అదే వార్డు.

నైతిక తత్త్వశాస్త్రంలో దీనికి దగ్గరైన ఒక భావన ఉంది. 1984లో నర్సింగ్ నైతికత మీద రాసిన పుస్తకంలో ఆండ్రూ జేమ్‌టన్ ‘నైతిక వేదన’ అన్న మాటను ముందుకు తెచ్చారు. ఏది సరైన పనో తెలిసి కూడా, సంస్థలోని అడ్డంకుల వల్ల దాన్ని చేయలేకపోయినప్పుడు కలిగే బాధను ఆయన అలా పిలిచారు. ఏది సరైనదో తేల్చుకోలేని సందిగ్ధం వేరు, ఈ వేదన వేరు. పల్స్ ఆక్సీమీటర్‌లో 88 ఉన్న అంకె 84కు, ఆపై 79కి దిగుతుండడం విద్యార్థి చూస్తుంది, అధిక పీడనంతో ఆక్సిజన్ ఇచ్చే యంత్రం అవసరమని పుస్తకం చదివిన ఆమెకు తెలుసు, పిలిచిన డాక్టరుకూ తెలుసు, కాని ఖాళీ యంత్రం లేదు. అనుభవమున్న నర్సుకు కూడా ఇది నైతిక వేదనే. అయితే ఆ నర్సు కనీసం గొంతెత్తి అడగగలదు, ఇన్‌చార్జితో వాదించగలదు, రిజిస్టరులో రాయగలదు. విద్యార్థికి ఆ గొంతు లేదు. చూడవలసినదంతా చూసి, చెప్పవలసిన మాట నోటి దాకా వచ్చి ఆగిపోయే స్థితిలో ఎక్కువ కాలం ఉన్న మనసు రెండే దారులు పడుతుంది: ఒకటి, బాధను తనమీదికే తిప్పుకొని కుంగిపోవడం, రెండు, ఇక ఏదీ అంటకుండా మొద్దుబారిపోవడం. మొద్దుబారడం చాలాసార్లు ‘అలవాటు పడింది’ అన్న మెప్పును పొందుతుంది, అందుకే దాన్ని పసిగట్టడం కష్టం.

ఈ మొద్దుబారడాన్ని ఆసుపత్రులే నేర్పుతాయని అరవై ఏళ్ల కిందటే చెప్పిన పరిశోధకురాలు ఇసబెల్ మెన్జీస్. లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి తన నర్సింగ్ విభాగంలోని చిక్కును విడదీయమని టావిస్టాక్ పరిశోధన సంస్థను కోరినప్పుడు ఆమె ఆ అధ్యయనం జరిపి 1960లో ప్రచురించారు. ఆ ఆసుపత్రి నర్సింగ్ సిబ్బంది దాదాపు 700 మంది అయితే, అందులో పూర్తి శిక్షణ పొందినవారు 150 మందే, మిగిలినవారంతా విద్యార్థులు. విద్యార్థుల పోస్టింగులను వారి చదువు అవసరాన్ని బట్టి వేయాలా, వార్డులో మనుషుల కొరతను బట్టి వేయాలా అన్నదే ఆసుపత్రి పెద్దలు ఆమె ముందు పెట్టిన సమస్య. ఆచరణలో కొరతదే పైచేయి అవుతూ వచ్చింది. శిక్షణ కోసం చేరినవారిలో మూడో వంతు మంది చదువు పూర్తి చేయకుండానే వెళ్లిపోతున్నారు. మెన్జీస్ దృష్టి మాత్రం ఇంకా లోతుకు వెళ్లింది. బాధ, మరణం, మనిషి దేహంతో అతి సమీపమైన సంబంధం, ఇవన్నీ నర్సుల్లో తీవ్రమైన కలవరాన్ని రేపుతాయి. ఆ కలవరాన్ని ఎదుర్కొనే మార్గం చూపడానికి బదులు, ఆసుపత్రి దాన్ని తప్పించుకునే పద్ధతులు అల్లుకుంది. ఒక నర్సుకు ఒక రోగిని అప్పగించకుండా అందరు రోగులకూ ఒక్కో పని చేయించడం, రోగిని పేరుతో కాక మంచం నంబరుతోనో, జబ్బుతోనో, చెడిన అవయవంతోనో పిలవడం, ఏ వార్డులోనూ అనుబంధం పెరగకముందే విద్యార్థులను మరో చోటికి మార్చడం, ఏ మార్పుకూ చలించనివారే మంచి నర్సులని మెచ్చుకోవడం ఆ పద్ధతుల్లో కొన్ని. ఇవి కలవరాన్ని తగ్గించకపోగా, పనిలోని తృప్తిని కూడా లాగేసుకొని దాన్ని పెంచాయని ఆమె తేల్చారు.

మెన్జీస్ వర్ణించిన ఆ రక్షణ పద్ధతులన్నీ కోవిడ్ వార్డులో బయటి నిబంధనలుగా మారిపోయాయి. రోగికి నర్సు ముఖం కనిపించదు, నర్సుకు రోగి మాట సరిగా వినిపించదు. ఎవరు ఎవరో తెలియక సూటు వీపు మీద మార్కర్‌తో పేరు రాసుకోవలసి వచ్చింది. మంచాలు నిండి, ఖాళీ అయి, మళ్లీ నిండుతుంటే పేర్లు గుర్తుంచుకునే వ్యవధి లేక నంబర్లే మిగిలాయి. తేడా ఏమిటంటే, మామూలు రోజుల్లో ఆ దూరం సంస్థ అలవాటు కాబట్టి మనసున్న సిస్టర్ దాన్ని దాటి ఒక చేయి వేయగలదు; మహమ్మారిలో ఆ దూరం ఆరోగ్య నియమం కాబట్టి దాటడం తప్పు అవుతుంది. నర్సింగ్ తరగతిలో స్పర్శను చికిత్సలో భాగంగా నేర్చుకున్న విద్యార్థికి ఇది తన వృత్తినే కాదనుకోవడంలా తోచి ఉంటుంది. మార్లీన్ క్రేమర్ 1974లో ‘రియాలిటీ షాక్’ అని పేరు పెట్టిన అనుభవం, అంటే కళాశాలలో నేర్చిన ఆదర్శానికీ వార్డులోని నిజానికీ మధ్య ఒక్కసారిగా తెలిసివచ్చే ఎడం, ఉద్యోగంలో చేరిన తొలి నెలల్లో రావలసినది. మన విద్యార్థులకు అది పట్టా చేతికి రాకముందే, ఎప్పుడూ లేనంత క్రూరమైన రూపంలో ఎదురైంది.

వార్డు బయట సమాజం వారిని ఎలా చూసిందన్నది కూడా ఈ లెక్కలోకి వస్తుంది. 2020 మార్చిలోనే, అద్దె ఇళ్ల నుంచి వైద్య సిబ్బందిని వెళ్లగొడుతున్నారని ఢిల్లీ ఎయిమ్స్ రెసిడెంట్ డాక్టర్ల సంఘం కేంద్ర హోం మంత్రికి మొరపెట్టుకోవలసి వచ్చింది. ఏప్రిల్ 22న వైద్య సిబ్బంది మీద దాడులను నాన్‌బెయిలబుల్ నేరంగా మారుస్తూ ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. 2020 మే 3న సైనిక హెలికాప్టర్లు ఆసుపత్రుల మీద పూలు చల్లిన దేశమే ఇది. ఆ పూలలో గౌరవం లేదనడం అన్యాయం. కాని హాస్టల్ నుంచి ఊరికి వెళ్లిన నర్సింగ్ విద్యార్థి బావి దగ్గరో, కిరాణా కొట్టు దగ్గరో జనం పక్కకు తప్పుకోవడాన్ని చూసినప్పుడు, ఆమె మనసులో మిగిలేది హెలికాప్టర్ పూలు కావు. ఇంటి నుంచి వచ్చే ఒత్తిడి ఇంకొక రకం. ‘చదువు పోతే పోయింది, వచ్చెయ్యి తల్లీ’ అని ఫోన్‌లో ఏడ్చే అమ్మకు, వార్డులో జరుగుతున్నది చెబితే ఇంకా బెంగపెట్టుకుంటుందని దాచి, ‘బాగానే ఉన్నానమ్మా, మాకు చిన్న పనులే ఇస్తున్నారు’ అని చెప్పిన అబద్ధాల బరువు కూడా ఆ పిల్లలే మోశారు. లోపలి భావాన్ని అణచుకొని, ఎదుటివారికి కావలసిన ముఖాన్ని చూపించడంలో ఉండే శ్రమకు సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్ 1983లో ‘భావోద్వేగ శ్రమ’ అని పేరు పెట్టారు. నర్సింగ్ విద్యార్థి ఆ శ్రమను వార్డులో రోగి కోసం చేసింది, ఫోన్‌లో అమ్మ కోసం చేసింది, హాస్టల్ గదిలో తోటివారి కోసం కూడా చేసింది.

తట్టుకునే శక్తి గురించి జరిగే చర్చను ఈ నేపథ్యంలో జాగ్రత్తగా తూచాలి. ఇజ్రాయెల్ అధ్యయనంలో తట్టుకునే శక్తి ఎక్కువ ఉన్నవారిలో, హాస్యాన్ని ఊరటగా వాడుకున్నవారిలో ఆందోళన తక్కువగా కనిపించిన మాట నిజం. కాబట్టి ఆ గుణానికి విలువ లేదని కొట్టిపారేయలేము. అదే అధ్యయనంలో రక్షణ సామగ్రి కొరతకూ, సోకుతుందన్న భయానికీ ఆందోళనతో సంబంధం ఉన్నట్లు కూడా తేలింది. రెండింటినీ కలిపి చదివితే అర్థమయ్యేది ఒకటే: విద్యార్థి గుండెను గట్టిచేయడం ఎంత అవసరమో, ఆమె చేతికి మాస్కు ఇవ్వడం అంత అవసరం. మొదటిది చేసి రెండోది వదిలేస్తే, కొరత భారాన్ని సంస్థ భుజం మీద నుంచి తీసి పిల్లల మనసు మీద పెట్టినట్లు అవుతుంది.

బ్రిటన్ 2020లో అనుసరించిన పద్ధతిని ఇక్కడ పోల్చి చూడవచ్చు. అక్కడి నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ అత్యవసర ప్రమాణాలు జారీ చేసి, చివరి ఆరు నెలల శిక్షణలో ఉన్న విద్యార్థులు ఇష్టమైతేనే, జీతం తీసుకుంటూ, ఆసుపత్రి పోస్టింగ్‌ను పొడిగించుకోవచ్చునని చెప్పింది. అక్కడి విద్యార్థులు సుఖంగా ఉన్నారని చెప్పడానికి ఇది ఆధారం కాదు. అయితే ‘ఇష్టమైతే’ అన్న మాటలోనూ, జీతంలోనూ, రాతపూర్వకమైన ఒప్పందంలోనూ ఆ విద్యార్థి స్థానం ఏమిటో స్పష్టమైంది. 2021 మే నాటి మన ప్రకటనలో టీకా, బీమా రక్షణ, నూరు రోజుల డ్యూటీ చేసినవారికి ప్రభుత్వ నియామకాల్లో ప్రాధాన్యం వంటి మంచి మాటలు ఉన్నాయి. అవన్నీ డ్యూటీ చేసిన తర్వాత దక్కే ఫలాలో, ప్రమాదం జరిగితే దక్కే పరిహారాలో. డ్యూటీ చేస్తున్న రోజుల్లో మనసును ఎవరు కనిపెట్టుకొని ఉంటారన్న విషయం ‘సీనియర్ అధ్యాపకుల పర్యవేక్షణ’ అన్న మాటకే వదిలివేసినట్లయింది. పదిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకురాలు ఉండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. ముఖాలు కనిపించే మామూలు వార్డులోనే పదిమందిని కనిపెట్టడం కష్టమైనప్పుడు, సూట్ల చాటున, వేర్వేరు షిఫ్టుల్లో, వేర్వేరు అంతస్తుల్లో పనిచేసే పదిమందిలో ఎవరు కుంగిపోతున్నారో ఒక్క అధ్యాపకురాలు ఎలా తెలుసుకోగలదు?

ఆ అధ్యాపకురాలి దగ్గర ఇంకొక చిక్కు ఉంది, ముందుముందు ఏ ఏర్పాటు చేసినా దీన్ని దాటకుండా ఫలితం ఉండదు. విద్యార్థి చేసిన ప్రొసీజర్లను లాగ్‌బుక్‌లో చూసి సంతకం పెట్టేది ఆమే, ఇంటర్నల్ మార్కులు వేసేది ఆమే, పోస్టింగ్ మార్చేది ఆమే. ‘రాత్రి నిద్ర పట్టడం లేదు మేడమ్, వార్డులోకి వెళ్లాలంటే చేతులు వణుకుతున్నాయి’ అని ఆమెతోనే చెప్పుకోవాలంటే, ఆ మాట తనను పనికిరాని దానిగా నిలబెడుతుందేమోనన్న భయం విద్యార్థిని వెనక్కి లాగుతుంది. నర్సింగ్ విద్యలో ఓర్పును, మౌనాన్ని సుగుణాలుగా చెప్పే పాత అలవాటు ఈ భయానికి తోడవుతుంది. మార్కులు వేసే చేయీ, కన్నీళ్లు తుడిచే చేయీ ఒకటే అయినప్పుడు కన్నీళ్లు బయటికి రావు. అందుకే కౌన్సెలర్ కళాశాల పరీక్షా వ్యవస్థకు బయటి మనిషి అయి ఉండాలి, ఆయనతో లేదా ఆమెతో చెప్పిన మాట ఏ ఫైలులోకీ ఎక్కదన్న హామీ రాతపూర్వకంగా ఉండాలి.

ఈ దిశలో చట్టం తరఫు నుంచి ఇప్పుడు కొంత బలం ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది గాని, అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో నియమించాలని, బోధన, బోధనేతర సిబ్బందికి మానసిక ప్రథమ చికిత్సలో శిక్షణ ఇప్పించాలని అందులో ఉంది. నర్సింగ్ కళాశాలలూ విద్యాసంస్థలే కాబట్టి ఈ నియమం వాటికీ వర్తిస్తుంది, అయితే పాఠశాలకో కోచింగ్ సెంటర్‌కో సరిపోయే ఏర్పాటు ఆసుపత్రి వార్డులో సగం జీవితం గడిపే విద్యార్థికి చాలదు. కళాశాల కౌన్సెలర్ గది పగటిపూట తెరిచి ఉంటే, నైట్ డ్యూటీలో మొదటి మరణాన్ని చూసిన పిల్ల తెల్లవారి ఎవరి దగ్గరికి వెళ్లాలి? 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ సేవ 14416 నంబరు మీద రాత్రీ పగలూ, తెలుగులోనూ అందుతుంది. ఆ నంబరును హాస్టల్ గోడ మీదే కాక నర్సుల డ్యూటీ గదిలో కూడా అంటించడానికి ఖర్చేమీ కాదు. షిఫ్టు ముగిశాక ఓ పావుగంట కూర్చోబెట్టి, ఏం జరిగింది, ఏది మనసులో గుచ్చుకుంది అని అడిగి వినే పద్ధతిని ‘డీబ్రీఫింగ్’ అంటారు. అది నేర్పవలసిన పాఠ్యాంశంగా, డ్యూటీ గంటల్లో లెక్కకొచ్చే పనిగా మారాలి. ప్రస్తుతం లాగ్‌బుక్‌లో ఎన్ని ఇంజెక్షన్లు ఇచ్చారో, ఎన్ని కాన్పులు చూశారో రాసుకునే గడులు ఉన్నాయి. చూసిన మరణం గురించి ఎవరితో మాట్లాడారో రాసుకునే గడి ఉంటే, కనీసం ఎవరో ఒకరు మాట్లాడవలసి వస్తుంది.

రేపు మరో మహమ్మారి వస్తే విద్యార్థులను మళ్లీ పిలవక తప్పదు. 2020 ఏప్రిల్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన నివేదిక ప్రకారమే ప్రపంచానికి 2018 నాటికి 59 లక్షల మంది నర్సుల కొరత ఉంది. కాబట్టి పిలుపు వచ్చే రోజుకు ముందే, తీరికగా ఉన్నప్పుడే, ఏ సంవత్సరం వారిని పిలుస్తారు, ఏ పనులకు మించి అప్పగించరు, కాదనే హక్కు ఎలా ఉంటుంది, ఎంత భృతి ఇస్తారు, ఎన్ని రోజులకొకసారి విశ్రాంతి అన్నవి నర్సింగ్ కౌన్సిళ్లూ ఆరోగ్య విశ్వవిద్యాలయాలూ కలిసి రాసి పెట్టుకోవాలి.

2021లో ఆ వార్డుల్లోకి వెళ్లిన విద్యార్థులు ఇప్పుడు స్టాఫ్ నర్సులు. కొందరు హైదరాబాద్, విజయవాడ ఆసుపత్రుల్లో ఉన్నారు, కొందరు గల్ఫ్‌లో, బ్రిటన్‌లో, జర్మనీలో ఉన్నారు, కొందరు వృత్తినే వదిలి ఉంటారు. వార్డుల్లో ఉన్నవారి వెనుక ఈరోజు కొత్త విద్యార్థులు నిలబడి పని నేర్చుకుంటున్నారు, వారికి నేర్పే తీరులో 2021 ఛాయ ఎంత ఉందో కొలిచి చూడవలసి ఉంది. రిజిస్టర్ అయిన ప్రతి నర్సుకూ దేశవ్యాప్తంగా చెల్లే గుర్తింపు సంఖ్య ఇచ్చే జాతీయ రిజిస్టరు మన దేశంలో ఉంది. చివరి సంవత్సరంలో కోవిడ్ డ్యూటీ చేసినవారిని ఆ సంఖ్యల ద్వారా చేరి, నిద్ర ఎలా పడుతోందో, ఆ రోజుల్లో తెరిపిలేకుండా మోగిన మానిటర్ చప్పుడు ఇంకా చెవుల్లో ఉందో లేదో, ఎవరితోనైనా చెప్పుకున్నారో లేదో అడగడం సాధ్యమయ్యే పనే. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య విశ్వవిద్యాలయాల్లోనూ ఏటా పరిశోధన అంశాల కోసం వెతుక్కునే ఎంఎస్సీ నర్సింగ్ విద్యార్థులు ఉన్నారు. వారిలో కొందరు ఆ వార్డుల నుంచి వచ్చినవారే.